ఉద్యోగుల గుర్తింపు, కంపెనీ కల్చర్: తరచుగా అడిగే ప్రశ్నలు

పదహారేళ్లుగా హెచ్ఆర్ పని చేస్తున్నాను. మొదటి ఆరేళ్లు జీడిమెట్లలో ఒక ఫ్యాక్టరీ, ఆ తర్వాత మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్. అవార్డులు, మెచ్చుకోళ్ల గురించి ఓనర్లు, మేనేజర్లు, ఉద్యోగులు నన్ను మళ్లీ మళ్లీ అడిగిన ప్రశ్నలు ఇక్కడ రాస్తున్నాను. జవాబుల్లో నా అభిప్రాయాలూ కలిసే ఉంటాయి. పన్ను, చట్టం మాట వచ్చినచోట మాత్రం మీ ఆడిటర్‌ని కూడా ఒకసారి అడగండి.

ఏటా బోనస్ ఇస్తున్నాం కదా, మళ్లీ ఈ గుర్తింపు ఏంటి?

బోనస్ మీరు దయతలచి ఇచ్చేది కాదు. 1965 నాటి బోనస్ చెల్లింపు చట్టం ప్రకారం అర్హత ఉన్న ఉద్యోగికి కనీసం 8.33 శాతం ఇవ్వాల్సిందే, గరిష్ఠంగా 20 శాతం. 2025 నవంబర్ 21 నుంచి ఆ చట్టం వేతనాల కోడ్‌లో కలిసిపోయింది. ఈ రెండు అంకెలు మాత్రం మారలేదు. 8.33 ఎక్కడిది అంటారా? వందను పన్నెండుతో భాగించండి, వస్తుంది. పన్నెండు నెలలు పనిచేస్తే పదమూడో నెల జీతం అన్నమాట. కాకపోతే లెక్కకు తీసుకునే జీతానికి ఒక పరిమితి ఉంటుంది. గ్రాట్యుటీ కూడా ఇలాంటిదే, ఏడాది సర్వీసుకు పదిహేను రోజుల వేతనం చొప్పున వచ్చే హక్కు.

అందుకే దీపావళి ముందు స్టేజీ ఎక్కి "మేనేజ్‌మెంట్ వారి కానుక" అని బోనస్ కవర్లు పంచితే కింద కూర్చున్నవాళ్లు చప్పట్లు కొడతారు కానీ లోపల నవ్వుకుంటారు. ఇన్సెంటివ్ వేరు, అది ఇంత చేస్తే ఇంత అని ముందే కుదుర్చుకున్న బేరం. గుర్తింపు ఈ రెండూ కాదు. ఏ ఒప్పందమూ లేకుండా ఒక మనిషి చేసిన పనిని చూసి, "చూశాం" అని అతనికి తెలియజేయడం.

జీతం బాగా ఇస్తే చాలదా? ఈ సర్టిఫికెట్లు ఎవరికి కావాలి?

చాలదు. కానీ ముందు జీతం సంగతి తేల్చుకోవాలి. ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త అమెరికాలోని పిట్స్‌బర్గ్ ప్రాంతంలో రెండు వందల మందికి పైగా ఇంజనీర్లను, అకౌంటెంట్లను కూర్చోబెట్టి, ఉద్యోగంలో ఎప్పుడు సంతోషంగా ఉన్నారు, ఎప్పుడు విసుగొచ్చింది అని అడిగాడు. 1959లో బయటికొచ్చిన ఆ అధ్యయనం తేల్చింది ఏమిటంటే జీతం, పని వాతావరణం, పై అధికారి తీరు సరిగా లేకపోతే మనిషికి అసంతృప్తి పుడుతుంది. అవి సరిగ్గా ఉన్నంత మాత్రాన ఉత్సాహం పుట్టదు. అది సాధించిన పని నుంచి, దానికి దక్కిన గుర్తింపు నుంచి వస్తుంది.

ఆ సిద్ధాంతం మీద తర్వాత విమర్శలు చాలా వచ్చాయి. అయినా నేను చూసినంతలో ఒక వరస మాత్రం నిజం. ఏడో తారీఖు దాటినా జీతం పడని కంపెనీలో స్టార్ ఆఫ్ ద మంత్ మొదలుపెడితే పుండు మీద కారం చల్లినట్టే. ఓవర్‌టైమ్ బాకీ ఉన్నా అంతే. ముందు అవి సర్దండి, అవార్డుల మాట తర్వాత.

ప్రతి నెలా స్టార్ ఆఫ్ ద మంత్ ఇస్తున్నాం. మొదట్లో బాగానే ఉండేది, ఇప్పుడు ఎవరూ పట్టించుకోవట్లేదు. ఎందుకు?

నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. జవాబు మీ దగ్గరే ఉంది. గత పన్నెండు నెలల పేర్లు ఒక కాగితం మీద రాసి చూడండి. రెండింట్లో ఏదో ఒకటి కనిపిస్తుంది. ఒకటి, పేర్లు డిపార్ట్‌మెంట్ల వరసలో తిరుగుతుంటాయి. జనవరి స్టోర్స్, ఫిబ్రవరి క్వాలిటీ, మార్చి డిస్పాచ్. ఎవరికీ బాధ కలగకూడదని మేనేజర్లు వంతులు వేసుకున్నారన్నమాట. వంతు అని అందరికీ తెలిసిపోయాక అది అవార్డు కాదు, చీటీ పాట. రెండు, అవే మూడు పేర్లు తిరిగి తిరిగి వస్తుంటాయి. ఆ ముగ్గురూ మేనేజర్ క్యాబిన్‌కి దగ్గరగా కూర్చునేవాళ్లే అయి ఉంటారు.

ఇంకో చిక్కు ఉంది. ఇది నా అనుభవం కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. ఫ్యాక్టరీలో ఉన్న రోజుల్లో ఒక నెల అవార్డు ఒక ఇంజనీర్‌కి ఇచ్చాం. ఒక బ్లాక్‌లో మెయిన్ ప్యానెల్ కాలిపోయి ప్లాంట్ ఆగిపోతే, తొమ్మిది గంటలు తిండీ నిద్రా లేకుండా నిలబడి మళ్లీ నడిపించాడు. ఇవ్వాల్సిందే, తప్పేం లేదు. రెండు నెలల తర్వాత ఆడిట్ కోసం పక్క బ్లాక్ షిఫ్ట్ లాగ్ బుక్ తిరగేస్తుంటే అదే వారంలో ఒక ఎంట్రీ కనిపించింది. "రాత్రి 2:40. ప్యానెల్ దగ్గర వాసన. ఆర్ ఫేజ్ లగ్ లూజ్. టైట్ చేశాను." కింద ఒక ఎలక్ట్రీషియన్ సంతకం. అంతే. అదే రకం ప్యానెల్, అదే లోపం, కరెంటు వైరు బిగింపు వదులవడం. ఇక్కడ కాలకముందే ఒక మనిషి స్పానర్ పట్టుకుని బిగించేశాడు. ఏమీ జరగలేదు కాబట్టి ఎవరికీ తెలియలేదు. ఆ మనిషిని పిలిచి అడిగితే, "అదేముంది మేడమ్, వాసనొచ్చింది, చూశాను" అన్నాడు.

మంటలార్పినవాడికి శాలువా, మంట రాకుండా చూసినవాడికి లాగ్ బుక్‌లో ఒక్క లైను. చాలా కంపెనీల అవార్డులు ఇలాగే నడుస్తాయి. సాఫ్ట్‌వేర్‌లోనూ తేడా ఏమీ లేదు. ప్రొడక్షన్, అంటే కస్టమర్లు వాడుతున్న సిస్టమ్, పడిపోతే రాత్రంతా కాల్‌లో ఉన్నవాళ్లకి స్పాట్ అవార్డు వస్తుంది. పడిపోకుండా టెస్టులు రాసిన అమ్మాయి పేరు ఎక్కడా వినిపించదు. నామినేషన్ల కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే వచ్చేవి మంటల కథలే. ఆ లైన్లు కావాలంటే లాగ్ బుక్‌లు, టికెట్లు, కోడ్ రివ్యూ కామెంట్లు ఎవరో ఒకరు కూర్చుని చదవాలి. మేము ఆ తర్వాత నెలకో గంట అందుకే పెట్టుకున్నాం.

మెచ్చుకునేటప్పుడు ఏం చెప్పాలి?

ఏం చేశాడో అది చెప్పాలి. దక్షిణ మధ్య రైల్వే తన సిబ్బందికి నెలనెలా ఇచ్చే భద్రతా అవార్డుల వార్తలు పేపర్లో ఎప్పుడైనా చదివారా? లోకో పైలట్లు, పాయింట్స్‌మెన్, ట్రాక్ మీద నడిచే కీమెన్ లాంటివాళ్లకి ఇస్తారు. పట్టా విరిగి ఉండటం చూశాడనో, పక్కనుంచి వెళ్తున్న గూడ్స్‌లో ఏదో భాగం వేలాడుతుంటే గమనించి బండి ఆపించాడనో కారణం ఉంటుంది. కంటికి ఏం కనిపించింది, అప్పుడేం చేశాడు, ఈ రెండూ అందులోనే ఉంటాయి. అది విన్న ఇంకో కీమన్‌కి రేపు తను ఏం చూడాలో కూడా తెలుస్తుంది.

మన సర్టిఫికెట్ల మీద ఏముంటుంది? "అంకితభావంతో, అవిశ్రాంతంగా కృషి చేసినందుకు". పేరు మారిస్తే ఎవరికైనా సరిపోతుంది. ఒక చిన్న పరీక్ష చెబుతాను. మీరు రాసిన వాక్యంలో పేరు తీసేసి టీమ్‌కి చదివి వినిపించండి. ఎవరి గురించో వాళ్లు చెప్పలేకపోతే మళ్లీ రాయండి.

అందరి ముందు పిలిచి సన్మానించాలా, విడిగా చెబితే చాలా?

మనకు శాలువా, మెమెంటో, పూలదండ లేకుండా సన్మానం అనిపించదు. బీరువాలో నాలుగు శాలువాలు మడతపెట్టి ఉన్న ఇల్లు మనందరికీ తెలుసు. కొందరికి అది నిజంగా ఇష్టం. ఇంటి దగ్గర ఫొటో చూపించుకుంటారు, వాట్సాప్ స్టేటస్ పెడతారు. కొందరికి స్టేజీ అంటేనే చెమటలు పడతాయి. దిష్టి తగులుతుందేమోనని భయపడేవాళ్లనూ చూశాను, నవ్వకండి. వీళ్లకు మేనేజర్ సీటు దగ్గరికి వచ్చి రెండు నిమిషాలు నిలబడి మాట్లాడటమే పెద్ద విషయం. ముందు రోజు ఒక మాట అడిగితే పోయేదేం లేదు.

స్టేజీ మీదికి పిలిచేటట్టయితే మాత్రం పేరు సరిగ్గా పలకండి. సాఫ్ట్‌వేర్‌లో ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అని రెండు గడులుంటాయి. మన వాళ్లు ఇంటిపేరు ముందు రాస్తారు. ఆ లిస్టు బయటి నుంచి వచ్చిన యాంకర్ చేతికి వెళ్తుంది. ఇంటిపేరు గుర్రం అయితే "మిస్టర్ గుర్రం, ప్లీజ్ కమ్ ఆన్ ద స్టేజ్" అంటుంది ఆమె. హాలంతా గొల్లుమంటుంది. ఆ మనిషికి ఆ సాయంత్రం నుంచి గుర్తుండేది ఆ నవ్వే. షీల్డ్ మీద పేరులో అక్షరం తప్పుపడినా అంతే. పేర్ల లిస్టు ఉద్యోగులకే చూపించి "మిమ్మల్ని ఏమని పిలవాలి?" అని అడగడానికి పావుగంట పడుతుంది.

నగదు ఇవ్వాలా, గిఫ్ట్ వోచరా, వస్తువా? పన్ను పడుతుందా?

నగదు అవార్డు జీతం కిందికే వస్తుంది, పూర్తిగా పన్ను పడుతుంది. వస్తువు, వోచర్ రూపంలో ఇస్తే 1962 ఆదాయపు పన్ను నిబంధనల్లో ఏడాదికి మొత్తం రూ.5,000 లోపు వాటికి మినహాయింపు ఉండేది. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం వచ్చింది కాబట్టి ఈ ఏడాది పరిమితి ఎంతో పేరోల్ వాళ్లను అడిగి, అవార్డు ప్రకటించే ముందే చెప్పండి. పదివేల వోచర్ అని చప్పట్లు కొట్టించి, నెలాఖరున పేస్లిప్‌లో టీడీఎస్ కోత చూపిస్తే ఆ కోతే గుర్తుంటుంది. కంపెనీ వైపు జీఎస్టీ సంగతి కూడా చూసుకోవాలి. ఒక ఉద్యోగికి ఏడాదిలో రూ.50,000 దాటని బహుమతులను జీఎస్టీ చట్టం సరఫరాగా లెక్కించదు.

నా ఓటు? ఫ్లోర్ మీద పనిచేసేవాళ్లకు నగదు లేదా కిరాణా కొనుక్కోగలిగే వోచర్. ఆన్‌లైన్‌లో పదిహేను స్టెప్పులు ఎక్కితే కానీ వాడుకోలేని వోచర్ వాళ్లకు ఇచ్చినా ఒకటే, ఇవ్వకపోయినా ఒకటే. ఆఫీసులో కూర్చునేవాళ్లకు ఒక రోజు సెలవు ఇస్తే వోచర్ కన్నా బాగా నచ్చుతుంది. గోడ గడియారాలు ఇక ఆపేయండి. పదేళ్ల సర్వీసుకు గడియారం అందుకున్న ఒకాయన "ఇది మా ఇంట్లో మూడోది మేడమ్, గోడలు చాలట్లేదు" అన్నాడు.

అవార్డులను టార్గెట్లకు ముడిపెడితే నిష్పక్షపాతంగా ఉంటుంది కదా?

పైకి అలాగే కనిపిస్తుంది. అమెరికాలో వెల్స్ ఫార్గో బ్యాంకులో ఒక్కో కుటుంబానికి ఎనిమిది రకాల ఖాతాలు, సేవలు అంటగట్టాలన్న లక్ష్యం ఉండేది. సిబ్బంది ఏం చేశారు? కస్టమర్లకు తెలియకుండా వాళ్ల పేర్ల మీద ఖాతాలు తెరిచారు. 2016 సెప్టెంబర్‌లో బయటపడేనాటికి అలాంటివి దాదాపు 20 లక్షలు ఉండొచ్చని లెక్క వేశారు. 18.5 కోట్ల డాలర్ల జరిమానా పడింది, సుమారు 5,300 మందిని ఉద్యోగాల్లోంచి తీసేశారు. టార్గెట్ చేరుకుంటే చప్పట్లు, చేరుకోకపోతే చీవాట్లు అన్నచోట అంకె మాత్రం తప్పకుండా వస్తుంది. ఎలా వచ్చింది అని ఎవరూ అడగరు.

ఇంకో ముచ్చట. ఎడ్వర్డ్ డెసి అనే పరిశోధకుడు 1971లో ప్రచురించిన ప్రయోగాల్లో కాలేజీ విద్యార్థులకు ముక్కలు పేర్చే పజిల్స్ ఇచ్చాడు. కొందరికి ఒక్కో పజిల్‌కి డాలర్ ఇచ్చి, తర్వాత ఆపేశాడు. డబ్బు ఆగాక వాళ్లు ఖాళీ సమయంలో వాటి జోలికి వెళ్లడం తగ్గింది. నోటిమాటగా మెచ్చుకున్నవాళ్లకు మాత్రం ఆసక్తి తగ్గలేదు, ఇంకా పెరిగింది. దీన్ని పట్టుకుని "అయితే డబ్బులొద్దు, మెచ్చుకుంటే చాలు" అనే ఓనర్లు ఉంటారని తెలుసు. రెండో ప్రశ్నకు జవాబు మళ్లీ చదవండి.

ఒకరికి ఇస్తే మిగతావాళ్లు ముఖం మాడ్చుకుంటున్నారు. అందరికీ ర్యాంకులు వేసి ఇస్తే?

ఇంకా పాడవుతుంది. మైక్రోసాఫ్ట్‌లో చాలాకాలం ప్రతి టీమ్‌లోనూ కొందరు పైన, కొందరు కింద ఉండి తీరాలనే ర్యాంకింగ్ నడిచింది. పదిమందీ బాగా చేసినా ఎవరో ఒకరు అడుగున పడాల్సిందే. అప్పుడు పక్కవాడికి సాయం చేయడం అంటే మన ర్యాంకు వాడికి ఇవ్వడమే కదా! 2013 నవంబర్‌లో దాన్ని ఎత్తేశారు. మన హైదరాబాద్ సత్య నాదెళ్ల తీసేశారని చాలామంది అంటారు కానీ ఆయన సీఈఓ అయింది 2014 ఫిబ్రవరిలో. ఎత్తేయడం అంతకు ముందే జరిగింది. కల్చర్ మార్పు మాత్రం ఆయన హయాంలో పెద్దగా చర్చకు వచ్చింది.

ముఖాలు మాడటానికి అసలు కారణం చాలాసార్లు అసూయ కాదు. ఎందుకిచ్చారో తెలియకపోవడం. కారణం స్పష్టంగా చెబితే సగం గొణుగుడు ఆగుతుంది. మిగతా సగం ఆగదు, అది మానవ సహజం.

కాంట్రాక్ట్ వాళ్లను కూడా చేర్చాలా? వాళ్లు మన పేరోల్ మీద లేరుగా?

సింగరేణి సంగతి చూడండి. లాభాల్లో కార్మికులకు వాటా ఇవ్వడం అక్కడ ఏళ్లుగా ఉంది. దసరా వస్తోందంటే కొత్తగూడెం నుంచి గోదావరిఖని దాకా బంగారం షాపులు, బైక్ షోరూములు దానికోసమే ఎదురుచూస్తాయి. 2024లో మొదటిసారి కాంట్రాక్ట్ కార్మికులకు కూడా తలా రూ.5,000 ఇచ్చారు. పర్మనెంట్ కార్మికుడికి సగటున వచ్చిన లక్షా తొంభై వేల పక్కన అది చిన్న మొత్తమే. కానీ అదే గనిలో, అదే దుమ్ములో ఏళ్ల తరబడి పనిచేస్తూ పండగ పూట పక్కవాడి కవర్ చూస్తూ నిలబడ్డవాళ్ల చేతికి మొదటిసారి ఒక కవర్ వచ్చింది.

అదే ఏడాది నుంచి ఇంకో పాఠం. వాటా 33 శాతం అన్నారు. లాభం రూ.4,701 కోట్లు. విస్తరణకు రూ.2,289 కోట్లు పక్కన పెట్టి, మిగిలిన రూ.2,412 కోట్ల మీద 33 శాతం లెక్కేస్తే రూ.796 కోట్లు వచ్చింది. మొత్తం లాభం మీద లెక్కించాలని కార్మిక సంఘాలు గొడవ చేశాయి. ఎవరిది న్యాయం అన్నది పక్కన పెడితే, దేని మీద ఎంత శాతం అనేది లాభాలు ప్రకటించడానికి ముందే అందరికీ ఒకేలా అర్థమై ఉండాలి.

మీ ఆఫీసులో అయితే హౌస్‌కీపింగ్, సెక్యూరిటీ, క్యాబ్ డ్రైవర్ల నుంచి మొదలుపెట్టండి. వాళ్ల ఏజెన్సీతో మాట్లాడి డబ్బు నేరుగా వాళ్లకే చేరేలా చూడండి. ఏజెన్సీ చేతికిస్తే మధ్యలో తరుగు పోతుంది.

రాత్రి షిఫ్ట్, వర్క్ ఫ్రమ్ హోమ్ వాళ్ల సంగతి?

కళ్లముందు లేనివాళ్లు నామినేషన్లలో ఉండరు. ఫంక్షన్ పగలు పెడితే రాత్రి షిఫ్ట్ వాళ్లు నిద్ర మానుకుని రావాలి, అవార్డు అంటే శిక్ష అయిపోతుంది. షిఫ్ట్ మారే వేళ, వాళ్ల టీ టైమ్‌లో ప్లాంట్ హెడ్ స్వయంగా వెళ్లి ఇవ్వాలి. ఆయన రాత్రి పూట ఫ్లోర్ మీద కనిపించడమే సగం అవార్డు.

సలహాల పెట్టె పెట్టాం. అందులో బిస్కెట్ కాగితాలు తప్ప ఏమీ పడట్లేదు.

మొదటి నెలలో పడిన చీటీలకు మీరేం జవాబిచ్చారు? టయోటా 1951లో మొదలుపెట్టిన సలహాల పద్ధతి ఇప్పటికీ నడుస్తోందంటే, సలహా ఇచ్చినవాడికి తిరిగి సమాధానం వెళ్తుంది కాబట్టే. చేస్తాం, చేయలేం, ఎందుకు చేయలేం, ఈ మూడింట్లో ఏదో ఒకటి వారంలో చెప్పండి. చెప్పలేకపోతే పెట్టె తీసేయండి.

దీనికి యాప్ కొనాలా?

మూడు ఊళ్లలో ఆఫీసులుండి వెయ్యి మంది ఉంటే ఉపయోగమే. పాయింట్లు, బ్యాడ్జీలు, లైకులు అంటూ వస్తాయి. మూడో నెలకల్లా స్నేహితులు ఒకరికొకరు పాయింట్లు పంచుకోవడం మొదలవుతుంది, అదీ చూసుకోండి. యాభై మంది దాకా అయితే ఒక వాట్సాప్ గ్రూపు, ఒక నోట్‌బుక్ చాలు.

కంపెనీ కల్చర్ అంటే రిసెప్షన్‌లో గోడ మీద రాసిన విలువలేనా?

గోడ మీద "నిజాయితీ" అని ఉంటుంది. కానీ కొత్తగా చేరిన కుర్రాడు గోడ చూడడు, ఎవరికి ప్రమోషన్ వచ్చిందో చూస్తాడు. టీమ్‌ని ఏడిపించే మేనేజర్‌కి, నంబర్లు తెస్తున్నాడని బెస్ట్ లీడర్ అవార్డు ఇచ్చారనుకోండి, ఆ ఫ్లోర్ మీద కల్చర్ ఏంటో ఆ సాయంత్రమే రాతపూర్వకంగా ప్రకటించినట్టు. ఆదివారాలు పనిచేసినవాళ్లనే మెచ్చుకుంటూ వర్క్ లైఫ్ బ్యాలెన్స్ మీద వర్క్‌షాప్ పెట్టడమూ ఇలాంటిదే.

ఫ్యాక్టరీల్లో మహర్నవమి నాడు ఆయుధ పూజ చేస్తారు. లేత్ మెషీన్‌కి కూడా పసుపు, కుంకుమ, బంతిపూల దండ. ఒక యూనిట్‌లో పూజ అయ్యాక ఎండీ గారు ప్రతి మెషీన్ దగ్గర ఆగి, దాన్ని నడిపే మనిషి చేతికే తాంబూలం ఇచ్చేవారు, పేరు పెట్టి పలకరించేవారు. రెండు వందల పేర్లు. ముందు రోజు రాత్రి లిస్టు పెట్టుకుని బట్టీ కొట్టేవారని డ్రైవర్ చెప్పాడు. ఆ యూనిట్‌లో విలువల బోర్డు ఎక్కడా చూసిన గుర్తు లేదు నాకు.

నేను మామూలు ఉద్యోగిని. నా పని మా మేనేజర్ తన పనిగా చెప్పుకుంటున్నాడు. ఏం చేయాలి?

అడగందే అమ్మైనా పెట్టదు అంటారు. అడగడానికి మనకు మొహమాటం. గొడవకు దిగేముందు రాతలో ఉంచడం మొదలుపెట్టండి. శుక్రవారం సాయంత్రం ఐదు లైన్ల మెయిల్ చాలు. ఈ వారం ఏం చేశాను, ఏది ఆగింది, ఎవరు సాయం చేశారు. మూడోది మర్చిపోకండి, సాయం చేసినవాళ్లను కాపీలో పెట్టండి. అప్రైజల్ నాటికి మీ దగ్గర యాభై మెయిళ్లు ఉంటాయి. డెమో జరిగేటప్పుడు "ఈ భాగం నేను చూపిస్తాను సార్" అని ముందే అడగండి. రెండుసార్లు అడిగినా కుదరకపోతే పై మేనేజర్‌తో మాట్లాడొచ్చు, టీమ్ మారొచ్చు. హెచ్ఆర్‌కి చెబితే వెంటనే అంతా మారిపోతుందని మాత్రం నేను మాట ఇవ్వలేను. హెచ్ఆర్‌లో ఉండే ఈ మాట చెబుతున్నాను.

మాది పన్నెండు మంది ఉన్న చిన్న షాపు. బడ్జెట్ లేదు. ఏం చేయొచ్చు?

మీకే అందరికన్నా సులువు. ఎవరేం చేస్తున్నారో మీ కళ్లతో చూస్తున్నారు. కస్టమర్ ఫోన్ చేసి మీ మెకానిక్‌ని మెచ్చుకుంటే "సరే అండీ" అని పెట్టేయకండి. ఆ మెకానిక్‌ని పిలిచి స్పీకర్ ఆన్ చేయండి.

ఇదంతా పనిచేస్తోందని ఎలా తెలుస్తుంది?

ఏటా చేసే సర్వేలో మార్కులు మంచివే వస్తాయి, వాటిని నేను పెద్దగా నమ్మను. రాజీనామా చేసి వెళ్లేవాళ్లతో చివరి రోజు మాట్లాడేటప్పుడు ఒక ప్రశ్న అడుగుతాను. "ఇక్కడ మీరు చేసిన పనుల్లో ఎవరికీ తెలియనిది ఏదైనా ఉందా?" మొదట్లో ఒక్కొక్కరు అరగంట చెప్పేవారు. ఫ్యాక్టరీలో నా చివరి ఏడాది, ఆ ఎలక్ట్రీషియన్ కూడా సొంతంగా వర్క్‌షాప్ పెట్టుకోవడానికి మానేశాడు. అదే ప్రశ్న అడిగాను. కాసేపు ఆలోచించి, "లేదు మేడమ్, అన్నీ మీరే బుక్‌లో చదివేశారుగా" అని నవ్వి, గేట్ పాస్ మీద సంతకం పెట్టించుకుని వెళ్లాడు.